ఏడో ప్రశ్నలో ఖాళీ

నవీన పని తలుపు దగ్గర మొదలవుతుంది.

పంతొమ్మిదేళ్లుగా ఆమె తలుపులు కొడుతోంది. సబ్బుల గురించి అడిగింది. వంటనూనె గురించి అడిగింది. ఏ సీరియల్ ఎంతసేపు చూస్తారని అడిగింది. పిల్లలకు టీకాలు వేయించారా, ఇంట్లో ఎంతమంది చదువుకున్నారు, నీళ్లు ఎన్ని రోజులకోసారి వస్తాయి, అన్నీ అడిగింది. జవాబు చెప్పినవాళ్ల ముఖాలు చాలావరకు మరిచిపోయింది. గుమ్మాలు మాత్రం గుర్తున్నాయి. ఏ గుమ్మం ముందు చెప్పులు విడవాలో, ఎక్కడ మెట్టు కిందే నిలబడాలో, ఎవరు మంచినీళ్లు ఇస్తే కాదనకుండా తాగాలో ఆమెకు తెలుసు.

జనగామ వైపు నుంచి పెళ్లయ్యాక ఈ ఊరికి వచ్చింది. యూసుఫ్‌గూడలో రెండు గదుల ఇల్లు. భర్త ఫ్రిజ్‌లు బాగుచేస్తాడు. కూతురు పింకీ ఇంటర్ చదువుతోంది. సర్వే ఉన్నప్పుడు పని, లేనప్పుడు లేదు.

ఈ పనిలో ఒక దొంగతనం ఉంది. ఎండలో నాలుగంతస్తులు ఎక్కడం ఎందుకని కొందరు టీ బండి దగ్గరే కూర్చుని ఫారాలు నింపేస్తారు. ఒక్కరే పది ఇళ్లవాళ్ల తరఫున జవాబులు చెప్పుకుంటారు. నవీన ఏనాడూ అలా చేయలేదు. గొప్పకు కాదు. ఎదుటి మనిషి ఏం చెబుతాడో ముందే తెలిస్తే, ఇక ఆ తలుపు కొట్టడమెందుకని ఆమె అనుకుంటుంది. అందుకే సూపర్‌వైజర్లు ఆమె ఫారాలను రెండోసారి చూడరు.

ఈసారి సర్వే పిల్లల మనసు గురించి.

పదమూడు నుంచి పదిహేడేళ్ల లోపు పిల్లలు. అమీర్‌పేట, పంజాగుట్ట, మధురానగర్, యూసుఫ్‌గూడ. వందమందిలో ఎంతమందికి దిగులు ఉంది, ఎంతమందికి భయం ఉంది, ఎంతమందికి నిద్ర లేదు. ఈ లెక్క ఇప్పటిదాకా ఎవరి దగ్గరా సరిగ్గా లేదని పంజాగుట్ట ఆఫీసులో శిక్షణ ఇచ్చిన ఉదయలక్ష్మి చెప్పింది. ఆమెది కాకినాడ. యాభై దాటిన మనిషి. గొంతు పెంచదు. ఇంగ్లీషు ప్రశ్నలను మూడు నెలలు కూర్చుని తెలుగు చేసింది ఆమే.

"ఎంతమందో తెలియకుండా ఎంతమంది డాక్టర్లు కావాలని అడుగుతామండీ?" అంది మొదటిరోజు. "ముందు లెక్క కావాలి."

పన్నెండు ప్రశ్నలు. ప్రతి ప్రశ్నకు నాలుగు జవాబులు. అస్సలు లేదు అంటే సున్నా. కొన్ని రోజులు అంటే ఒకటి. సగం కంటే ఎక్కువ రోజులు అంటే రెండు. దాదాపు ప్రతిరోజూ అంటే మూడు. అన్నీ కలిపి పది వచ్చినా, పది దాటినా ఆ బిడ్డను కౌన్సిలర్ దగ్గరికి పిలవాలి. పేరు రాయకూడదు. నంబరే.

ఇంకొక నియమం ఉంది. ప్రశ్నను ఉన్నది ఉన్నట్టు చదవాలి. అర్థం కాలేదంటే మళ్లీ చదవాలి. సొంత మాటల్లో వివరించకూడదు. ఒక్కొక్కరు ఒక్కోలా వివరిస్తే అడిగింది ఒకే ప్రశ్న కాకుండా పోతుంది.

మొదటి వారం నవీన ఆ ప్రశ్నలను ఇంట్లో పైకి చదివి నాలుక తిప్పుకుంది. పింకీ మంచం మీద పడుకుని వింది.

"మమ్మీ, గిట్ల ఎవ్వరు మాట్లాడతరు?"

"పుస్తకంల ఉన్నట్టు రాసిండ్రు. నువ్వు జవాబు చెప్పు."

"నేను చెప్ప. నా ఫోన్ తీస్కుంటవ్."

"ఎందుకు తీస్కుంట?"

"ఏదో ఒకటి దొరుకుతది నీకు," అని పింకీ అటు తిరిగి పడుకుంది. నవీన నవ్వింది. తర్వాత కాసేపు కూతురి వీపు వైపు చూస్తూ ఉండిపోయింది.

*

ఆదివారాలు పిల్లలు ఇంట్లో దొరుకుతారు. ఫిబ్రవరిలో ఒక ఆదివారం మధ్యాహ్నం ఆమె జాబితాలో మధురానగర్‌లోని ఒక ఆడపిల్లల హాస్టల్ వచ్చింది. అందులో ఉండేవాళ్లు అందరూ ఇరవై దాటినవాళ్లు. కంప్యూటర్ కోర్సులు నేర్చుకోవడానికి వచ్చి, నాలుగైదు నెలలు ఉండి, ఉద్యోగం దొరికితే వెళ్లిపోతారు. సర్వేకు కావలసిన వయసున్న పిల్ల ఒక్కతే. వంటమనిషి మనుమరాలు.

వంటగదిలో మంగవ్వ చపాతీలు ఒత్తుతోంది. అరవై ఏళ్లుంటాయి. చేతులు ఆపకుండానే తలెత్తింది.

"ఎవరు బిడ్డా? బెడ్డు కావాల్నా?"

"కాదవ్వా. సర్వే. మీ మనుమరాలిని కొన్ని ప్రశ్నలు అడగాలె. నువ్వు సరేనంటేనే."

"పరీక్షనా?"

"పరీక్ష కాదు. మనసు ఎట్లున్నదో అడుగుతం."

"మనసుకేమైంది? కడుపు నిండ పెడ్తున్న గద." మంగవ్వ పిండి చేతిని కొంగుకు తుడుచుకుని, నవీన చాపిన ఒప్పుకోలు కాగితం మీద వేలిముద్ర వేసింది. "ఓ దివ్యా! మేడమ్ వచ్చింది, రా."

దివ్యశ్రీ తొమ్మిదో తరగతి. సన్నగా, జడ బిగించి అల్లుకుని ఉంది. ఆమె అమ్మానాన్నలు సిద్దిపేట దగ్గర ఊళ్లో ఉంటారు. ఏడో తరగతిలో నానమ్మ తనతో తీసుకొచ్చి ఇక్కడి గవర్నమెంటు బడిలో వేసింది. వాళ్లిద్దరికీ వంటగది వెనక చిన్న గది ఉంది. పొద్దున బడికి వెళ్లేముందు, సాయంత్రం వచ్చాక దివ్యశ్రీ హాస్టల్ పనులు చూస్తుంది. గేటు పక్కన నల్లబోర్డు మీద ఆ రోజు ఎన్ని బెడ్లు ఖాళీగా ఉన్నాయో సుద్దముక్కతో రాసేది ఆమే.

పిల్లలను ఒంటరిగా అడగాలి. ఇద్దరూ మిద్దె మీదికి వెళ్లారు. ముప్పై ఎనిమిది మంది ఆడపిల్లల బట్టలు తీగల మీద ఆరుతున్నాయి. నీళ్ల ట్యాంకు నీడలో కూర్చున్నారు.

నవీన ట్యాబ్ తెరిచింది. చదవడం మొదలుపెట్టింది.

దివ్యశ్రీ మొహమాటం లేకుండా జవాబులు చెప్పింది. నిద్ర? సగం కంటే ఎక్కువ రోజులు పట్టలేదు. ఆకలి? అదీ అంతే. ఇష్టమైన పనుల మీద ఆసక్తి? అదీ సగం కంటే ఎక్కువ రోజులు తగ్గింది. ఒంట్లో నీరసం కొన్ని రోజులు. చిరాకు కొన్ని రోజులు. నవీన ఏ జవాబుకూ ముఖం మార్చలేదు. అదీ పనిలో భాగమే.

ఏడో ప్రశ్న.

"గత రెండు వారాల్లో ఎన్ని రోజులు మీకు ఖాళీగా అనిపించింది?"

"ఖాళీ లేదు మేడమ్."

నవీన ఆగింది. మళ్లీ అలాగే చదివింది. "గత రెండు వారాల్లో ఎన్ని రోజులు మీకు ఖాళీగా అనిపించింది?"

"లేదు మేడమ్, ఫుల్లు. మార్చి దాక ఫుల్లే. మూడో ఫ్లోర్ల ఒక బెడ్డు ఖాళీ అయిండె. బుధవారం నింపిండ్రు." దివ్యశ్రీ కొంచెం జాలిగా చూసింది. "మీ చుట్టాలకా? పక్క గల్లీల అడుగుండ్రి. ఆడ ఉంటయి."

నవీనకు నవ్వొచ్చింది. నవ్వలేదు. పిల్ల ఏం విన్నదో ఆమెకు తెలిసింది. ఈ ఇంట్లో రోజూ పదిసార్లు వినిపించే మాట అది. ఫోన్ ఎత్తితే అదే, గేటు దగ్గర అదే. బెడ్డు ఖాళీ. ఇక ఆ కోర్సుల వీధిలో మనిషి ఖాళీగా ఉన్నాడంటే ఉద్యోగం లేదని. మనసు ఖాళీ కావడం అక్కడ ఎవరూ వినని సంగతి.

అట్ల కాదు బిడ్డా, అని ఆమె చెప్పవచ్చు. చెప్పకూడదు. పంతొమ్మిదేళ్లలో ఆమె ఒక్కరి నోట్లోనూ మాట పెట్టలేదు.

"అస్సలు లేదు అని పెట్టాల్నా మరి?"

"పెట్టుండ్రి."

పెట్టింది. మిగిలిన అయిదు ప్రశ్నలు చదివింది. చదువు మీద ధ్యాస కొన్ని రోజులు కుదరడం లేదంది. తక్కిన వాటికి లేదు అంది. ఫారం మూసింది.

"అయిపోయిందా? ఎన్ని మార్కులు నాకు?"

"దీనికి మార్కులు ఉండవు."

"మార్కులు లేకుంటె గిన్ని ప్రశ్నలెందుకు మేడమ్?" అంది దివ్యశ్రీ. ఆరిన దుప్పటి ఒకటి తీసి మడతపెట్టడం మొదలుపెట్టింది. నవీన లేచి అవతలి కొస పట్టుకుంది.

"మూడో ఫ్లోర్ల ఖాళీ అయిందన్నవు గదా. ఎవరుండె?"

దివ్యశ్రీ దుప్పటి సగం చేసి, మళ్లీ సగం చేసింది.

"మధులత అక్క. తెనాలి. నాకు లెక్కలు చెప్తుండె. బెంగళూరుల జాబ్ వచ్చింది. మంగళవారం పోయింది. బుధవారం పొద్దుగాల్నే ఇంకొకామె సూట్‌కేస్ పట్టుకొని వచ్చింది."

"ఫోన్ చేస్తదా?"

"మొదట్ల అందరు చేస్తరు." ఇంకో దుప్పటి తీసింది. "నాలుగు నెలలకోసారి అందరు మారిపోతరు మేడమ్. అందుకే ఇప్పుడు పేర్లు అడుగుతలేను. పన్నెండు అక్క, ముప్పై ఒకటి అక్క అని బెడ్ నంబర్ పెట్టి పిలుస్తున్న. వాళ్లు సుత ఏమనరు. నవ్వుతరు."

"నీకు ఎట్లుంటది?"

"ఏముంటది? ఏం ఉండది." వెతుక్కుంది. "సప్పగ ఉంటది. కూరల ఉప్పు మరిచిపోయినట్టు. నానమ్మ ఉప్పు మంచిగనే వేస్తది. అయినా అంతా సప్పగనే. బడికి పోతె సుత గంతే. టీవీ చూస్తె గంతే."

"ఎన్ని రోజుల సంది?"

"రోజూ గట్లనే."

కింద నుంచి మంగవ్వ పిలిచింది. దివ్యశ్రీ దుప్పట్ల దొంతర గడ్డం దాకా ఎత్తుకుని మెట్లు దిగింది.

*

నవీన వీధిలోకి వచ్చి జిరాక్స్ షాపు అరుగు మీద కూర్చుంది. ట్యాబ్ తీసింది. ఫారం ఇంకా పంపలేదు. కింద మొత్తం కనిపిస్తోంది. తొమ్మిది.

ఏడో ప్రశ్న దగ్గర ఒక్కసారి వేలు పెడితే పది. నిజానికి ఆ పిల్ల చెప్పింది లెక్కలోకి తీసుకుంటే పన్నెండు. పది వస్తే ఫోన్ వెళ్తుంది, కౌన్సిలర్ పిలుస్తుంది. తొమ్మిదైతే ఎవరూ పిలవరు.

వేలు తెర మీదికి తీసుకెళ్లింది.

ఎండ కాళ్ల దాకా వచ్చింది. చేతిలో సంచితో ఒక అమ్మాయి ఆగి, ఆంటీ, ఇక్కడ హాస్టల్ ఎక్కడ, అని అడిగింది. నవీన దారి చెప్పింది. అమ్మాయి వెళ్లాక మళ్లీ తెర వైపు చూసింది. దివ్యశ్రీ అన్న మాట అది కాదు. అడిగిన ప్రశ్న కూడా అది కాదు. ఇద్దరి మధ్య ఒక మాట తప్పిపోయింది. దాన్ని తాను ఒక్కతే వేలితో సరిచేస్తే, తప్పిపోయిందని ఎవరికీ తెలియదు. తర్వాతి గుమ్మం దగ్గరా అది అలాగే తప్పిపోతుంది.

తొమ్మిదితోనే పంపేసింది. ఇంటికి వెళ్లకుండా పంజాగుట్ట వైపు నడిచింది.

*

ఉదయలక్ష్మి ఆదివారం కూడా ఆఫీసులోనే ఉంది. కంప్యూటర్ ముందు కూర్చుని పెరుగన్నం తింటోంది.

"ఏంటి నవీనగారూ, ట్యాబ్ పాడైందా?"

"లేదు మేడమ్. ఏడో ప్రశ్న పాడైంది."

ఉదయలక్ష్మి చెంచా కింద పెట్టింది. నవీన నిలబడే జరిగింది చెప్పింది. బెడ్ల సంగతి చెప్పినప్పుడు ఉదయలక్ష్మి నవ్వింది. చాలాసేపు నవ్వింది. పక్క గల్లీలో అడగమందా, అని మళ్లీ నవ్వింది. దివ్యశ్రీ బెడ్ నంబర్లతో పిలుస్తోందని చెప్పినప్పుడు నవ్వు ఆగిపోయింది.

"ఆ మాట గురించి నాకు అసలు అనుమానమే రాలేదండీ," అంది. "నేను తెలుగు చేశాక, ఇంకొకరితో దాన్ని తిరిగి ఇంగ్లీషులోకి రాయించాం. సరిగ్గా చేశామో లేదో చూడటానికి. మొదట ఏ మాట ఉందో అదే వచ్చింది. అన్నిటిలోకీ బాగా వచ్చిన ప్రశ్న అదేనని మురిసిపోయాను."

కంప్యూటర్‌లో ఒక పట్టిక తెరిచింది. ఇప్పటికి నాలుగువందల పదహారు ఫారాలు వచ్చాయి. ఏడో ప్రశ్న దగ్గర సున్నాలే ఎక్కువ.

"ఇది చూసి ఏమనుకున్నానో తెలుసా? పోనీలే, మన పిల్లలకు మిగతావి ఉన్నా ఈ ఒక్కటీ లేదు అనుకున్నాను." కళ్లజోడు తీసింది. "వాళ్లంతా తమకు తీరిక లేదని నాకు చెబుతున్నారు."



"ప్రశ్న మీరు మారుస్తరు మేడమ్. అది మీ పని," అంది నవీన. "ఆ పిల్ల సంగతి ఏంది? తొమ్మిదే వచ్చింది."

"మీరు మార్చలేదా?"

"లేదు."

ఉదయలక్ష్మి ఆమెను చూసింది. తర్వాత లేచి అలమారలో నియమాల పుస్తకం తీసింది. నిలబడే ఒక పేజీ రెండుసార్లు చదివింది.

"పది వస్తే పిలవాలని ఉంది," అంది నెమ్మదిగా. "తొమ్మిది వస్తే పిలవకూడదని ఎక్కడా లేదు. తొమ్మిది తొమ్మిదిగానే ఉండనిద్దాం. లెక్క ముట్టుకోవద్దు. పిల్లను పిలుద్దాం." పుస్తకం మూసింది. "పెద్దవాళ్లు ఒప్పుకోవాలి కానీ. ఆ పని మీదే. నేను మాట్లాడితే ఆమె భయపడుతుంది."

"సప్పగ అని రాస్తే మీకు సుత అర్థమైతదా మేడమ్?"

"చప్పగా అంటాం మేము. ఎందుకర్థం కాదండీ?" ఉదయలక్ష్మి పెన్ను తీసుకుంది. "ఇంకో ముప్పైమంది పిల్లలను అడిగి చూద్దాం ముందు. ఒకసారి మోసపోయాను కదా."

*

మరునాడు మధ్యాహ్నం మంగవ్వ వంటగది గుమ్మంలో కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతోంది. దివ్యశ్రీ బడిలో ఉంది. నవీన ఎదురుగా కూర్చుని తానూ నాలుగు కాయలు చేతిలోకి తీసుకుంది. విషయం చెప్పింది.

మంగవ్వ చేతులు ఆగిపోయాయి.

"పిచ్చి దవాఖానకా?"

"కాదవ్వా. దవాఖాన కాదు. ఒక గది. ఒక అక్క ఉంటది, మాట్లాడుతది. యశస్విని అని, చిన్నామె."

"హాస్టల్ల ఎరుకైతే? ఓనరమ్మ ఊకుంటదా? ఇంత గది ఇచ్చింది. గది పోతె యాడికి పోవాలె?"

"ఎవ్వరికి చెప్పం. మా కాయితంల పేరు సుత లేదు."

మంగవ్వ వినలేదు. చిక్కుడు నార తీసి, తీసినదాన్నే మళ్లీ చూసింది. గొంతు తగ్గించి అడిగింది.

"నేనేం తక్కువ చేసిన బిడ్డా? బట్టలు మంచియే కొంటున్న. మాట అంటలేను. తల్లి దగ్గర ఉంటె ఇంతకన్న ఏముండె?"

"నువ్వేం తక్కువ చెయ్యలే. నీ ఉప్పు మంచిగనే ఉన్నదన్నది."

"ఉప్పా?"

"అంతా సప్పగ ఉంటది అన్నది. నానమ్మ ఉప్పు మంచిగనే వేస్తది, అయినా సప్పగనే అన్నది."

మంగవ్వ గోడకు వెనక్కి ఒరిగింది. వీధిలో ఎవరో కూరగాయల బండి నెట్టుకుంటూ పోయారు. 

"నాకు గట్ల అయిండె," అంది. "ఊరు ఇడిచిపెట్టి ఈడికి వచ్చినప్పుడు. ఏడాది దాక. నాలికె చెడిపోయింది అనుకున్న. ఎంత వేసినా సప్పగుండె. ఇంత ఇంత ఉప్పు వేసిన. హాస్టల్ పిల్లలు ఒకటే లొల్లి. ఓనరమ్మ వచ్చి, మంగవ్వా, నీకు బీపీ ఉన్నదా, మాకు పెడ్తున్నవా అని తిట్టింది." నవ్వబోయింది. రాలేదు. "ఎవ్వరు అడగలే, ఏమైందని. ఉప్పు గురించే అడిగిండ్రు."

నవీన తుంచిన కాయలు పళ్లెంలో వేసింది. ఆమెకు చెప్పవలసిన మాటలు కొన్ని తెలుసు. శిక్షణలో నేర్పారు. వాటిలో ఒక్కటీ బయటికి తీయలేదు.

"ఎప్పుడు రావాలె?" అంది మంగవ్వ.

"శనివారం. నాలుగింటికి. నేనొచ్చి తీస్కపోత."

"నేను సుత వస్త."

*

పంజాగుట్టలో ఆ గది కింది అంతస్తులో ఉంది. బయట రెండు కుర్చీలు, ఒక బెంచీ. మంగవ్వ పెళ్లిళ్లకు కట్టుకునే చీర కట్టుకుని వచ్చింది. బెంచీ అంచున కూర్చుంది. దివ్యశ్రీ లోపలికి వెళ్లేముందు వెనక్కి చూసింది.

"నానమ్మ, నువ్వు యాడికి పోకు. ఈడనే ఉండు."

"ఉంట తీ."

తలుపు మూసుకుంది. లోపలి మాటలు వినిపించవు. రోడ్డు మీది బస్సులు మాత్రం వినిపిస్తాయి. మొదట చాలాసేపు మంగవ్వ తలుపునే చూసింది. తర్వాత అడిగింది.

"గిట్లాంటి పోరగాండ్లు మస్తు మంది ఉన్నరా బిడ్డా?"

"అదే అడుగుతున్నం అవ్వా. ఇంకా లెక్క తేలలే."

"తేలినంక నాకు చెప్పు."

నవీన చెబుతానంది. సర్వేల లెక్కలు ఎప్పుడూ ఆమెదాకా రాలేదు. సబ్బుల లెక్క రాలేదు, టీకాల లెక్క రాలేదు. ఎవరూ ఆమెను అడగలేదు కాబట్టి ఆమె కూడా అడగలేదు. ఈసారి ఉదయలక్ష్మిని అడగాలనుకుంది.

యాభై నిమిషాలయ్యాక తలుపు తెరుచుకుంది. దివ్యశ్రీ ఏడ్చినట్టుంది. ముఖం కడుక్కుని వచ్చింది. చెవుల దగ్గర జుట్టు తడిగా ఉంది. వచ్చి నానమ్మ పక్కన కూర్చుంది.

"ఏమన్నది?" అంది మంగవ్వ.

"ఆమె ఏమనలే. నేనే మాట్లాడిన."

"గింత సేపు నువ్వే మాట్లాడినవా?"

"ఆఁ."

"ఏం మాట్లాడినవే?"

"నీకు చెప్ప."

మంగవ్వ నవీన వైపు చూసింది. అడగొద్దు అన్నట్టు నవీన తల అడ్డంగా ఊపింది. మంగవ్వ కొంగుతో పిల్ల చెవి దగ్గర తడి తుడిచింది. దివ్యశ్రీ తల తిప్పుకోలేదు.

"వచ్చే శనివారం సుత రమ్మన్నది," అంది. "ఆ తర్వాత శనివారం సుత. కొన్ని నెలలట."

మంగవ్వ వేళ్ల మీద ఏదో లెక్క వేసుకుంది. నాలుగింటికి ఇక్కడ ఉండాలి, ఏడింటికి అక్కడ చపాతీలు కావాలి.

"పిండి పొద్దుగాల్నే కలుపుత," అంది. లేచి నిలబడింది. "నడువు, బస్సు పోతది."